ఆకులు కప్పిన గుంత

"మీ ఆయనకు చెప్పు, నా మంచం దగ్గర చుట్ట కాల్చొద్దని."

వీరేందర్ ఆ మాట తల్లితోనే అన్నాడు గాని, చూపు మాత్రం అరుగు మీద కూర్చున్న తండ్రి వీపు మీద ఉంది.

"నీ కొడుక్కు చెప్పు, ఇల్లు నాదని. పొగ పడకపోతే పోయి ఆ గుడారాలల్ల పండుకొమ్మను," అన్నాడు రామనర్సయ్య, వెనక్కి తిరగకుండానే.

సోమమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నెల రోజులుగా తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. తిట్టుకోవాలన్నా ఆమె మధ్యలో ఉండాలి. కొడుకు కాలు విరిగి మంచానపడ్డ ఈ నాలుగు రోజుల్లో ఆ పని మరీ ఎక్కువైంది.

వీరేందర్ కుడికాలికి పాదం నుంచి తొడదాకా సిమెంటు కట్టు. భద్రాచలం ఆసుపత్రిలో వేశారు. సంత బాటకు అడ్డంగా గుంపు వాళ్లు, అంటే ఆ గూడెం వాళ్లు, అంతకు ముందే వేసిన మద్ది దుంగను ఆదివారం నాడు తప్పించబోయి, అతను టూరిస్టులను ఎక్కించుకునే లావు చక్రాల కప్పబండిని పక్కన చెట్లలోకి తిప్పాడు. ముందు చక్రం ఆకులు కప్పిన గుంతలో దిగబడింది. బండి పల్టీ కొట్టింది. వెనక కూర్చున్న రాయపూర్ అమ్మాయికి భుజం ఎముక విరిగింది. దుంగ ఒక కొస మోసుకొచ్చినవాడు రామనర్సయ్యే.

"దుంగ వేసుడు నిజమే," అన్నాడు రామనర్సయ్య వీధి వైపే చూస్తూ. "బైఠక్‌ల అనుకొని, పట్టపగలు, అందరి ముందర వేసినం. బాట మూసినమంటే మనిషైనోడు ఆగుతడనుకున్నం. అడవిల పడి తిప్పుతడని ఎవలనుకున్నరు? చెప్పు నీ కొడుక్కు."

"నా కాలు దుంగకు ఇరగలే. గుంతకు ఇరిగింది. ఆ గుంత ఎవడు తవ్విండో చెప్పమను మీ ఆయనను."

సోమమ్మ చేతిలో చాట ఆగింది. మళ్లీ చెరగసాగింది.

"ఎవడు తవ్విండో ఊరంతటికి ఎరికే," అంది కోడలు శిరీష పొయ్యి దగ్గర నుంచి. "మరైగూడ సంతల నిలబడి, 'మంచిగయింది, ఇంకో కాలు గూడ ఇరగాలె' అన్నోడు తవ్విండు. మన వెనకింటి కమ్లీ అత్త కొడుకు హిడ్మా."

"మంచిగయిందన్నోళ్లందరు తవ్వి ఉంటే బాట పొడుగునా గుంతలే ఉంటుండె," అన్నాడు రామనర్సయ్య.

"మీరు గమ్మునుండున్రి మామా. మీ కొడుకు కాలిరిగితే మీకు నవ్వులాటగున్నది."

"నవ్వుతలేను బిడ్డా. నవ్వే మొకమేనా ఇది?"

శిరీష పొయ్యిలో కట్టె ఎగదోసింది. నిప్పురవ్వలు లేచాయి. "గుడారాల ప్రకాష్ భయ్యా ఫోన్ చేసిండు. పదకొండింటికి పోలీస్ థానా హెడ్డును తోలుకొని వస్తడట, బయాన్ రాసుకోనీకి. గుంత తవ్వినోని పేరు చెప్తే కేసు వాని మీద పోతది. చెప్పకపోతే బండి నడిపినోని మీద పోతది. ఆ పిల్ల తండ్రి రాయపూర్‌ల పెద్ద ఆఫీసర్. ఉత్తగ ఊకోడు."



మామూలు గుంత వేరు, ఆకులు కప్పిన గుంత వేరు. ఈ సుక్మా జిల్లాలో ఆ తేడా పసిపిల్లలకు కూడా తెలుసు. నక్సలైట్లు తవ్విపెట్టిన అట్లాంటి గుంతల్లో దిగబడి కుంటివాళ్లయిన పోలీసులు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. అడవి చల్లబడిందని, రోడ్లు పడ్డాయని, గుడారాలు వేసి టూరిస్టులను పిలుస్తున్నారని ఎంత చెప్పుకున్నా, ఆకులు కప్పిన గుంత అనగానే థానాలో ముందుగా అడిగేది ఎందుకు తవ్వావని కాదు, ఎవరు తవ్వమన్నారని. ఆ ప్రశ్నకు జవాబు లేనివాడు సంవత్సరాల తరబడి ఇంటి ముఖం చూడడు.

"మూడేండ్లు ఖమ్మం దిక్కు మిరపకాయ ఏరను పోయిన," అన్నాడు వీరేందర్, ఈసారి ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "ఊర్లె ఉండి, ఇంట్ల తిని, బండి నడుపుకొనే పని దొరికింది ఇప్పుడే. దానికి అడ్డం దుంగ పెట్టిన్రు."

"ఆడోళ్లు తెల్లారంగ వాగు ఒడ్డుకు పోయే బాట అది. ఆ బాటల కెమెరాలు పెట్టుకున్నోళ్లను ఎక్కించుకొని తిరుగుడు ఒక పనా? ఎల్లమ్మోళ్ల ఆవు బెదిరి వాగుల పడి సచ్చింది. పొలం గట్లు తెగినయి. గుంపంతా సుక్మాకు పోయి కాగితమిచ్చి మొక్కినం. ఎవడన్న ఇన్నడా? చెప్పు నీ కొడుక్కు."

"నాకు ఇనబడుతున్నది," అన్నాడు వీరేందర్.

తండ్రి మాటకు కొడుకు నేరుగా జవాబివ్వడం నెల రోజుల్లో అదే మొదలు. రామనర్సయ్య చుట్ట నేలకు రాసి ఆర్పాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

*

సోమమ్మ చాట పక్కనపెట్టి పెరట్లోకి పోయింది. దడి అవతల కమ్లీ నిలబడి ఉంది.

ఎంతసేపటి నుంచి నిలబడిందో. కొంగు నడుముకు బిగించి ఉంది. కళ్లు నిద్ర లేక ఎర్రబడ్డాయి. ఇరవయ్యారేళ్లలో కమ్లీ ఆ దడి అవతల నిలబడి పలకరించిన రోజు లేదు. దొడ్డిదారిన లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని, అప్పుడు మాట్లాడేది.

"లోపలికి రా," అంది సోమమ్మ.

"రాను. పోయి చూసొచ్చిన అక్కా."

"ఏంది?"

"గుంత."

సోమమ్మ దడికి పారిన బీరతీగను అనవసరంగా సర్దింది.

"నీ చెయ్యి నాకు తెల్వదా? కుడి దిక్కు నుంచి తవ్వుకుంట వస్తవు. గడ్డ తల ఎడమ దిక్కు పెట్టి మన్ను కప్పుతవు. నువ్వు చర్ల నుంచి కొత్త కోడలివై వచ్చిననాడు ఆ తీగ నీకు చూపించింది ఎవలు? ఇది నీది, అవుతలిది నాది అని చెప్పింది ఎవలు?"

అడవి గడ్డ తవ్వడంలో ఈ గుంపు ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఎవరి తీగ వాళ్లదే. ఏటేటా అదే చోట తవ్వుతారు. గడ్డ తీసుకున్నాక తలను జానెడు తీగతో కోసి మళ్లీ లోపలే పెడతారు. గుంతను నిండా పూడ్చరు. నేల గుల్లగా ఉంటేనే వచ్చే ఏటికి గడ్డ లోతుకు దిగుతుంది. అడవి పందులు పెళ్లగించకుండా పైన కొమ్మలు, ఆకులు కప్పుతారు. అందులో ఎవరైనా పడతారన్న భయం లేదు. బాట విడిచి ఆ పక్కకు ఆ తీగ గల మనిషి తప్ప ఇంకొకరు పోరు. అది కాళ్ల మీద నడిచే మనుషులు పెట్టుకున్న పద్ధతి.

శనివారం పొద్దున సోమమ్మ నడుంలోతు గుంతలోకి దిగి గడ్డ తీసింది. మాపటికి పులుసు పెట్టింది. వీరేందర్ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తెల్లారి ఆదివారం అతని బండి ఆ గుంతలోనే దిగబడింది.

"చెప్తవని చూసిన," అంది కమ్లీ. "సోమవారం చెప్తవనుకున్న. కొడుకు ఆసుపత్రిల ఉండె, సరే అనుకున్న. మంగళవారం చూసిన. నిన్న చూసిన. ఇయ్యాల హెడ్డు వస్తున్నడు."

"నువ్వే చెప్పరాదు?"

"నేను చెప్తే కొడుకును కాపాడుకునేటోళ్ల మాట అంటరు. కాలిరిగినోని తల్లివి నువ్వు. నువ్వు చెప్తే నమ్ముతరు."

సోమమ్మకు ఒక్కసారిగా లోపలి మంచం కళ్లముందు నిలిచింది. దాని మీద బిగుసుకుపోయిన కాలు. అమ్మ తవ్విన గుంతలో పడ్డానని వాడికి తెలిస్తే? కోడలు ఆ మాటను ఊరంతా తిప్పితే? థానాలో బెంచీ మీద తాను? ఆ భయం ముందుగా కోపమై నోట్లోంచి వచ్చింది.

"నీ కొడుకు నోరు అదుపుల పెట్టుకోకపాయె. సంతల అందరి ముందర మంచిగయింది అనకపోతే ఇంత దూరం వస్తుండెనా?"

"నోరు జారితే జైలా అక్కా?"

"బాట మీద అడ్డం నిలబడ్డది వాడు. దస్కతులు పెట్టించింది వాడు. అందరికంటే ముందర వాడే ఉరుకుతడు. ముందర ఉరికినోని మీదనే పడ్తది."

"మీ ఆయన దుంగ మోసిండు. నువ్వు గుంత తవ్వినవు. మా హిడ్మా ఉత్త మాట అన్నడు." కమ్లీ గొంతు పెరగలేదు. "గడ్డ మీ ఇంట్ల తిన్నరు. జైలు కూడు మాత్రం నా కొడుకు తినాలె. అంతేగద?"

"ఆ గుంత నాది కాదు," అంది సోమమ్మ.

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

కమ్లీ ఆమె ముఖంలోకి చూసింది. "వాళ్లొచ్చినంక గూడ ఇదే చెప్తవా?"

"ఇదే చెప్త. నాకేం తెల్వదు. నువ్వు పో."

"సరే," అంది కమ్లీ.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టే మనిషి రేపు మళ్లీ మాట్లాడుతుంది. కమ్లీ వెనక్కి తిరిగి, ఎండిన ఆకుల మీద చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయింది.

*

"అమ్మా, చీపురుపుల్ల ఇటు తే," అన్నాడు వీరేందర్. కట్టు లోపల దురద పుట్టినప్పుడల్లా పుల్ల దూర్చి గోక్కోవడమే ఈ నాలుగు రోజుల్లో అతనికి దొరికిన సుఖం.

సోమమ్మ పుల్ల ఇచ్చి మంచం కోడు దగ్గర కూర్చుంది. రామనర్సయ్య వాకిట్లో చింతపండు చాప మీద పరుస్తున్నాడు.

"హిడ్మా పేరు చెప్త," అన్నాడు వీరేందర్, పుల్ల కదిలిస్తూ. "నువ్వేమంటవ్?"

అడిగాడంటే మనసు పూర్తిగా ఒప్పుకోలేదన్నమాట. ఇద్దరూ కొంటలో ఒకే హాస్టల్లో చదివారు. ఒకే దుప్పటి కప్పుకున్న రోజులున్నాయి. తల్లి 'ఊఁ' అంటే చాలు, ఆ బరువు తన మీద నుంచి దిగిపోతుంది. సోమమ్మకు అది తెలుసు.

"చెప్పకు."

"ఎందుకు? మా నాయన ఎక్కించిండా?"

"ఆ గుంత నాది బిడ్డా."

పుల్ల ఆగింది.

"గడ్డ గుంత," అంది సోమమ్మ. "శనివారం తవ్విన."

వీరేందర్ పైకప్పు వాసాల వైపు చూశాడు. "పులుసు పెట్టినవే, ఆ గడ్డనా?" అన్నాడు.

"ఆ."

"ఎవలకన్న చెప్పినవా?"

"కమ్లీకి ఎరికే. నేను చెప్పలే. చూసి పట్టింది."

"ఆమె చెప్తే నమ్మరు. నువ్వు చెప్పకు."

"మరి హిడ్మా?"

"వాని సంగతి వేరు. వాని పేరు ఎట్లయినా రాసే ఉన్నది వాళ్లకాడ. ఇయ్యాల కాకుంటే రేపు తీసుకపోతరు."

"ఎట్లాగూ తీసుకపోతరని నువ్వే అప్పజెప్తవా?"

"మరి నిన్ను అప్పజెప్పాల్నా?" వీరేందర్ పుల్లను విరిచి నేలకు కొట్టాడు. "చెప్పు. ఇది అమ్మ గుంత, తీసుకపోన్రి అనాల్నా? ఆకులు కప్పిన గుంత అంటే వాళ్లేం చేస్తరో నీకు ఎరికేనా? నిన్ను సుక్మాల కూసోబెడ్తరు. నేను ఈ కాలేసుకొని బెయిల్ కోసం తిరగాల్నా?"

సోమమ్మ తల తిప్పింది. తలుపు దగ్గర శిరీష నీళ్ల బిందెతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. బిందె దించింది. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నోరు మూసుకుని ఉండటం అదే మొదటిసారి, అందుకే సోమమ్మకు ఇంకా భయమేసింది.

బయట కప్పబండి చప్పుడు వినిపించింది.

*

ప్రకాష్ బండిని రోడ్డు మీద ఆపలేదు. వాకిట్లోకే తెచ్చాడు. దాని లావు చక్రం చింతపండు చాప అంచు దగ్గర ఆగింది. గుడారాల క్యాంపు నడిపేది అతనే. జగదల్పూర్ మనిషి, కొంట దుకాణాల్లో నేర్చుకున్న తెలుగు. వెనక కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ టోపీ పట్టుకుని దిగాడు.

"బండి అవుతల పెట్టు," అన్నాడు రామనర్సయ్య.

"దో మినట్ పని బాబా. ఇప్పుడే పోతం."

"రెండు నిమిషాలకు చింతపండు మన్నయితది."

ప్రకాష్ నవ్వాడు గాని బండి కదపలేదు. రామనర్సయ్య వంగి, చాపను రెండు చేతులా పట్టి, చక్రం కింద నుంచి నెమ్మదిగా లాక్కున్నాడు. హెడ్డు అది చూశాడు. అతను అరిచే పోలీసు కాదు. మెత్తగా మాట్లాడతాడు. గుంపులో అతనంటే ఎక్కువ భయపడేది అందుకే.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అట్ట మీద కాగితం పెట్టుకున్నాడు. "ఎట్లున్నదయ్యా కాలు? సరే, సీదా చెప్పు. గుంత ఎవరు తవ్విండ్రు?"

వీరేందర్ తల్లి వైపు చూడలేదు. "హిడ్మా."

"చూసినవా?"

"చూసిన."

"చూడలే," అంది సోమమ్మ.

ఆమె ఆ మాట అనాలని నిశ్చయించుకుని అనలేదు. కొడుకు 'చూసిన' అన్నప్పుడు గొంతులో చిన్నప్పుడు అబద్ధమాడితే వచ్చే జీర వచ్చింది. దానికి జవాబు చెప్పడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు.

"వాడు చూడలే సార్. ఆ గుంత నాది. గడ్డ కోసం తవ్విన."

ప్రకాష్ పెద్దగా నవ్వాడు. "అమ్మా, పక్కింటోళ్ల మీద ప్రేమ మంచిదే. గని నీ కొడుకు కాలు చూడు ముందు."

హెడ్డు నవ్వలేదు. "గడ్డ కోసమైతే ఆకులెందుకు కప్పినవు?"

"పందులు పెల్లగిస్తయని."

"బాట పక్కన తవ్వుడేంది?"

"తీగ ఆడనే మొలిచింది సార్. దానికి బాటేదో ఎట్ల తెలుస్తది?"

"సరిగ్గా దుంగ పక్కకే గుంత ఎట్లొచ్చింది?"

"గుంత పక్కకు దుంగ వచ్చింది. గుంతకు ఇరవయ్యారేండ్లు. దుంగకు పది రోజులు."

హెడ్డు పెన్నుతో చెవి దగ్గర గోక్కున్నాడు. అతనిది భేజ్జి దిక్కు అడవి పల్లె. వాళ్లమ్మ కూడా గడ్డలు తవ్వే ఉంటుంది. ఒక క్షణం అతని ముఖం థానా మనిషి ముఖంలా కనిపించలేదు.

ప్రకాష్ అతని చెవి దగ్గర వంగి హిందీలో ఏదో చెప్పాడు. హెడ్డు వింటూ రాశాడు. పేజీ నిండింది. వెనక్కి తిప్పి ఇంకో నాలుగు వరుసలు రాశాడు. అట్ట సోమమ్మ ముందుకు జరిపి, "దస్కత్ పెడ్తవా, వేలిముద్రా?" అన్నాడు.

"ఏం రాసిన్రో చదువున్రి."

"నువ్వు చెప్పిందే."

"నేను చెప్పింది నాలుగు ముక్కలు సార్. మీరు పేజీ దాటించిన్రు."

"సంతకం పెట్టు అమ్మా," అన్నాడు వీరేందర్.

"కోడలికి హిందీ వస్తది. కొంటల పది దాకా చదివింది. దాన్ని చదవనియ్యున్రి."

హెడ్డు భుజాలెగరేసి కాగితం శిరీష చేతికిచ్చాడు. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది. లోపల చదువుకుంటూ, ఒక్కో ముక్క తెలుగులో చెప్పసాగింది. పేరు, భర్త పేరు, ఊరు, కులం. శనివారం. గుంత. ఆకులు. పేజీ తిప్పాక ఆగింది. మంచం మీదికి చూసింది. వీరేందర్ వద్దన్నట్టు తల కొద్దిగా కదిపాడు.

శిరీష మళ్లీ కాగితంలోకి చూసింది. "హిడ్మా చెప్తే తవ్విన అని రాసిన్రు అత్తా," అంది, ఒక్కో మాట విడదీసి. "బండ్లను పడగొట్టి, జనాన్ని బెదిరించాలని వాడే గుంపు ఆడోళ్లతోని తవ్వించిండని రాసిన్రు."

సోమమ్మ చేతులు వెనక్కి తీసుకుని చంకల్లో పెట్టుకుంది.

"నీ మంచికే అమ్మా," అన్నాడు ప్రకాష్. "వాడు చెప్తే చేసినవంటే నిన్ను ఇడిచిపెడ్తరు. నీ అంతట నువ్వే చేసినవంటే నువ్వే ముల్జిమ్, ముద్దాయివి. జర సమజ్ చేసుకో."

"నాకు ఎవలూ చెప్పలే."

"సరే, అయితే కొడుకు చెప్తడు. వీరూ, హిడ్మా మీ అమ్మకు చెప్తుంటే విన్నవా? విన్న అను, అయిపోతది. ఆ రాయపూర్ దీదీ కేసు నీ మీదికెల్లి దిగిపోతది, మీ అమ్మ మీదికెల్లి దిగిపోతది."

అందరూ వీరేందర్‌ను చూశారు. అతను నోరు తెరవబోయాడు.

"వీరా," అన్నాడు రామనర్సయ్య.

గడప దగ్గర నిలబడి, నేరుగా కొడుకు ముఖంలోకి చూస్తూ పిలిచాడు.

"శనివారం పులుసు రెండోపాలి పెట్టించుకున్నవు గద. అది ఎవలు చెప్తే తిన్నవు?"

 బయట చింతపండు చాప మీద కోడి ఎక్కింది. దాన్ని తోలడానికి ఎవరూ కదల్లేదు.

"ఆ ముక్క కొట్టేయున్రి సార్," అన్నాడు వీరేందర్.

"ఏ ముక్క?"

"హిడ్మా చెప్పిండన్నది. నేను చూసిన అన్నది గూడ. చూడలే."

ప్రకాష్ నవ్వు పోయింది. "సోచ్‌లే వీరూ, మంచిగ ఆలోచించుకో. రేపటికెల్లి క్యాంపుకు రాకు మరి."

"ఏ కాలుతోని రావాలె?" అన్నాడు వీరేందర్.

హెడ్డు ప్రకాష్‌ను చూశాడు, మంచం మీదివాణ్ని చూశాడు. పెన్ను అడ్డంగా రెండుసార్లు గీశాడు. "గడ్డ గుంతైతే గడ్డ గుంతే. పోయి చూస్త. లోపల గడ్డ తల ఉంటే ఫైలు ఈడనే ఆగుతది. దుంగ సంగతి పంచాయతీల తేల్చుకోన్రి." అట్ట మూశాడు. "ఆ హిడ్మాను ఒకపాలి పిలువున్రి. వాని బయాన్ గూడ రెండు ముక్కలు రాసుకుంట. వాడు ఈడ నిలబడి, నాకేం సంబంధం లేదంటే చాలు."

*

సోమమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. దడి సందులోంచి దూరి, వెనక పెరటి మీదుగా కమ్లీ వాకిట్లోకి పోయింది. నాలుగు రోజుల తర్వాత ఆమెకు ఊపిరి నిండుగా ఆడుతోంది. ఏం అనాలో దారిలోనే అనుకుంది. ముందు తిట్టనివ్వాలి, తర్వాత చెప్పాలి.

కమ్లీ రోలు ముందు కూర్చుని చోళ్లు దంచుతోంది.

"చెప్పిన కమ్లీ. అంతా చెప్పిన. రాసుకున్నరు. హిడ్మాను పంపు, హెడ్డు పిలుస్తున్నడు. ఏం కాదు, రెండు ముక్కలు చెప్తే చాలట."

రోకలి ఆగలేదు.

"ఇంటున్నవా? వాడేడి? చేనుకాడనా?"

"లేడు."

"వాగుకు పోయిండా?"

"పంపించిన," అంది కమ్లీ. రోకలి ఎత్తి, మళ్లీ దించింది. "నువ్వు పో అన్నవు. నేను ఇంటికొచ్చిన. వాడు అంబలి తాగుతుండె. లే అన్న. లేచి పోయిండు."

"ఎటు?"

కమ్లీ రోట్లోని చోళ్లను చేత్తో కలిపింది.

"ఎటు పంపినవే? పిలిపియ్యి. ఫోన్ చెయ్యి."

"నువ్వు చెప్పనంటివి అక్కా. నా ముందర నిలబడి చెప్పనంటివి. నేనింకేం చెయ్యాలె?"

సోమమ్మ వెనక బూట్ల చప్పుడు వినిపించింది. హెడ్డు నడిచే వచ్చాడు. వాకిలి మధ్యలో ఆగి, తలుపు తెరిచి ఉన్న గదిలోకి చూశాడు. నులక మంచం. దాని మీద సగం తాగిన అంబలి గిన్నె. గిన్నె పక్కన ఫోను.

హెడ్డు లోపలికి పోయి ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బొత్తాం నొక్కాడు. ఆపేసి ఉంది. ఈ కాలంలో ఏ కుర్రాడూ ఫోను విడిచి సంతకు కూడా పోడు. విడిచిపోయేవాళ్లు అడవిలో ఎవరి దగ్గరికి పోయేవాళ్లో ఇరవై ఏళ్లుగా ఈ జిల్లాలో ఉద్యోగం చేస్తున్న మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఎప్పుడు పోయిండమ్మా?"

రోకలి పైకి లేచింది, కిందికి దిగింది.

"సార్," అంది సోమమ్మ. "భయపడి పోయిండు సార్. నేను చెప్పకపోతే భయపడి పోయిండు. తప్పు నాది. గుంత నాది. మీరు ఇప్పుడే రాసుకున్నరు గద."

హెడ్డు ఆమె వైపు చూశాడు. కాసేపటి క్రితం ఒక్క క్షణం కనిపించిన భేజ్జి మనిషి ముఖం ఇప్పుడు లేదు. జేబులోంచి ఇందాకటి కాగితం తీసి, గీతలు కొట్టిన ఆ వరుసలను ఒకసారి చూసుకుని, నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో తోశాడు. అట్ట మీద తెల్లకాగితం కొత్తది పెట్టాడు.

"అమ్మా," అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా. "వాడు ఇంట్ల ఉన్నంతసేపు అది గడ్డ గుంత. ఇగ కాదు."